బల్బులు పెరిగేకొద్దీ వేగం పెంచిన మిణుకు లైట్లు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఎలక్ట్రానిక్స్ సరదాగా నేర్చుకునే పెద్దవాళ్లకు వారాంతాల్లో పాఠాలు చెబుతుంటాను. ఈ కేసు అలా వచ్చిన ఒకావిడది. ఉద్యోగం పూర్తిగా వేరే రంగంలో. పండక్కి కిటికీ చుట్టూ పెట్టే సీరియల్ లైట్లు కొనకుండా సొంతంగా కట్టుకోవాలని ఆవిడ కోరిక. ఆవిడ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం ఆ రోజు రాసుకున్నవే.

ఆవిడ ఎంచుకున్నది అందరూ మొదట కట్టే సర్క్యూట్. లెక్క ప్రకారం ఆన్, ఆఫ్ చేస్తుండే 555 టైమర్ ఐసీ (చిప్) ఒకటి, కరెంటును అడ్డగించే రెసిస్టర్లు రెండు, ఛార్జిని నింపుకుని వదిలే కెపాసిటర్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ. రెసిస్టర్లు 10 కిలోఓమ్‌లు, 68 కిలోఓమ్‌లు. కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లు. లెక్క ప్రకారం లైట్లు అర సెకను పైన వెలిగి, అర సెకను లోపు ఆరాలి. అంటే సెకనుకు ఒక మిణుకు. ఐసీ మూడో పిన్ (అవుట్‌పుట్) నుంచి నేరుగా 20 ఎల్‌ఈడీలు పక్కపక్కనే, అంటే పారలల్‌గా, దేనికి దానికి 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో. పన్నెండు ఎరుపు, మిగతా ఎనిమిదిలో కొన్ని నీలం, కొన్ని తెలుపు.

ఒక్కో ఎల్‌ఈడీకి విడిగా రెసిస్టర్ పెట్టడం చూసి సంతోషించాను. చాలామంది అన్నిటికీ కలిపి ఒకటే పెట్టేస్తారు. ఎరుపు ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులకే వెలుగుతుంది, నీలానికి, తెలుపుకు 3 వోల్టులు దాటాలి. ఒకే రెసిస్టర్ వెనక వీటన్నిటినీ కడితే కరెంటంతా ఎరుపువే లాక్కుంటాయి, నీలం రంగువి వెలగనే వెలగవు. ఆవిడ ఆ గోతిలో పడలేదు.

ఎదురైన సమస్య

"సార్, ఒక్క బల్బు పెడితే చెప్పినట్టే వింటోంది. బల్బులు పెంచేకొద్దీ పరుగెడుతోంది" అంది ఆవిడ.

నిజంగానే పరుగెడుతోంది. ఒక్క ఎల్‌ఈడీతో సెకనుకు ఒకసారి నింపాదిగా మిణుకుమంటున్న సర్క్యూట్, ఇరవై తగిలించగానే సెకనుకు రెండుసార్లు కొట్టుకుంటోంది. వెలుతురు కూడా తగ్గింది. పైగా సాయంత్రం మొదలెడితే రాత్రయ్యేసరికి ఇంకా వేగం పెరుగుతోందట.

నన్ను ఆకట్టుకున్నది ఈ లక్షణమే. 555 గురించి ఏ పాఠంలోనైనా ఒక మాట ఉంటుంది: మిణుకు వేగం రెసిస్టర్లు, కెపాసిటర్ మీదే ఆధారపడుతుంది, సప్లై వోల్టేజీతో సంబంధం లేదు అని. మరి మూడో పిన్‌కు అవతల ఎన్ని బల్బులున్నాయో కెపాసిటర్‌కు ఎలా తెలుస్తోంది?

నా దగ్గరికి రాకముందు చేసినవి

మొదట ఐసీ మార్చింది. తేడా లేదు. తర్వాత 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసి 22 వేసింది. మిణుకు నెమ్మదించింది, ఆ రాత్రికి సమస్య తీరిందనుకుంది. మర్నాడు మళ్లీ పరుగు. దాంతో కెపాసిటర్ వేడికి పాడవుతోందన్న నిర్ణయానికి వచ్చి, ఇంకో రెండు మార్చి చూసి, చివరికి మళ్లీ 10దే వేసింది.

కెపాసిటర్ పెంచితే నెమ్మదించడం నిజమే, ఎప్పుడైనా నెమ్మదిస్తుంది. జబ్బు అలాగే ఉండగా జ్వరం మాత్రం దిగింది. అందుకే మర్నాడు మళ్లీ వచ్చింది.

"పోనీ వేగంగా ఉన్నా బాగానే ఉందిగా, అలాగే వదిలేద్దామా?" అని కూడా అడిగింది. వద్దన్నాను. సెకనుకు మూడు మెరుపులు దాటితే కాంతి మెరుపులకు మూర్ఛ వచ్చే తత్వం ఉన్నవాళ్లకు ప్రమాదం మొదలవుతుంది. ఇంటికి వచ్చేవాళ్లలో ఎవరికి ఆ ఇబ్బంది ఉందో మనకు తెలియదు. ఇది రాత్రికి మూడు దాటేలాగే ఉంది.

మొదటి అనుమానాలు

బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) మీద కట్టిన సర్క్యూట్ అంటే ముందు వైర్లనే అనుమానించాలి. పవర్ పట్టీ మధ్యలో తెగి ఉండే బోర్డులు కొన్ని ఉంటాయి, అది చూశాను. నాలుగో పిన్, అంటే రీసెట్, గాల్లో వదిలేశారేమో చూశాను. సప్లైకి కట్టే ఉంది. ఐదో పిన్ నుంచి గ్రౌండ్‌కు (సప్లై మైనస్ వైపు) 10 నానోఫారడ్ల చిన్న కెపాసిటర్ లేదు. పెట్టాను. పెట్టడం మంచిదే గానీ మిణుకులో ఏ మార్పూ లేదు. ఇవన్నీ కాసేపట్లో తేలిపోయే విషయాలు. వీటిని దాటకుండా పెద్ద సిద్ధాంతాల్లోకి వెళ్లకూడదని నా పద్ధతి.

మిగిలింది సప్లై. ఆవిడ వాడుతున్నది మామూలు జింక్ కార్బన్ రకం 9 వోల్టుల బ్యాటరీ, అదీ అప్పటికే కొంత వాడేసింది. "బ్యాటరీ బాగానే ఉంది సార్, మీటర్ పెట్టి చూశాను, 8.6 చూపిస్తోంది" అంది. ఆ కొలత తప్పేమీ కాదు. కాకపోతే అది లైట్లు ఆరి ఉన్నప్పటి కొలత.

కొలత

ఇక్కడో చిక్కుంది. మల్టీమీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. సెకనుకు రెండుసార్లు మిణుకుమనే సర్క్యూట్‌కు దాన్ని తగిలిస్తే తెర మీద అంకెలు గంతులేస్తాయి తప్ప ఏదీ నిలవదు. వోల్టేజీ మార్పులను గీతగా గీసి చూపే ఆసిలోస్కోప్ ఉంటే గొడవే లేదు గానీ, ఇంట్లో నేర్చుకునేవాళ్ల దగ్గర అది ఉండదు. ఆవిడ రేపు సొంతంగా చేసుకోగలిగే పద్ధతిలోనే చూపించాలనుకున్నాను.

అందుకే 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసి 100ది పెట్టాం. ఇప్పుడు ప్రతిదీ పదింతలు నెమ్మదిగా నడుస్తుంది, మీటర్‌లో అంకె కుదురుకునేంత సమయం దొరుకుతుంది. ఫార్ములా ప్రకారం ఒక చుట్టుకు, అంటే ఒకసారి వెలిగి ఆరడానికి, 10 సెకన్లు పట్టాలి. అయితే మేం వాడే ఈ ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్ల విలువలో 20 శాతం అటూ ఇటూ తేడా మామూలే కాబట్టి, కొలతను ఫార్ములాతో పోల్చి కంగారు పడటంలో అర్థం లేదు. అదే కెపాసిటర్, అదే బోర్డు ఉంచి, బల్బులు మాత్రమే మార్చి చూడాలి.

ఒక్క ఎల్‌ఈడీతో: ఆఫ్‌లో 8.6 వోల్టులు, ఆన్‌లో 8.1. చుట్టుకు తొమ్మిదిన్నర సెకన్లు.

ఇరవైతో: ఆఫ్‌లో 8.6, ఆన్‌లో 5.7. చుట్టు దాదాపు 5 సెకన్లు. వెలిగింది మూడు సెకన్ల పైన, ఆరింది రెండు సెకన్ల లోపు.

లైట్లు వెలిగిన ప్రతిసారీ బ్యాటరీ దాదాపు 3 వోల్టులు కుంగుతోంది. కరెంటు సుమారు 100 మిల్లీఆంప్స్. అంటే బ్యాటరీ లోపలి నిరోధమే 29 ఓమ్‌ల దాకా ఉంది. ఎరుపు ఎల్‌ఈడీలు మసకబారడానికీ, నీలం రంగువి మరీ డల్‌గా ఉండటానికీ కారణం అక్కడే దొరికింది. వేగం సంగతి తేలాలంటే 555 లోపలికి వెళ్లాలి.

హాన్స్ కామెన్‌జిండ్ 1971లో సిగ్నెటిక్స్ సంస్థ కోసం రూపొందించిన ఈ ఐసీ లోపల మూడు సమానమైన రెసిస్టర్లు వరసగా ఉంటాయి. అవి సప్లైని మూడు వాటాలు చేస్తాయి. కెపాసిటర్ వోల్టేజీ సప్లైలో మూడింట రెండొంతుల గీత చేరగానే మూడో పిన్ ఆఫ్ అవుతుంది. మూడింట ఒక వంతుకు దిగగానే మళ్లీ ఆన్ అవుతుంది. సప్లై 5 అయినా 12 అయినా ఆ గీతలు దామాషాగా జరుగుతాయి, కెపాసిటర్‌ను నింపే జోరూ అదే దామాషాలో మారుతుంది. అందుకే వేగం మారదు. పాఠంలో ఉన్న మాట అబద్ధం కాదు. కానీ ఒకే చుట్టులో సప్లై ఒక్కలాగే ఉండాలన్న షరతు అందులో దాగి ఉంది.

మన సర్క్యూట్‌లో ఆ షరతు తప్పింది. ఆఫ్‌లో సప్లై 8.6 కాబట్టి కింది గీత 2.9 దగ్గర ఉంది. కెపాసిటర్ అక్కడికి దిగింది, లైట్లు వెలిగాయి, సప్లై 5.7కు పడిపోయింది. ఇప్పుడు పై గీత 3.8 దగ్గరికి వచ్చేసింది. పరుగు పందెం మధ్యలో ముగింపు గీతను ఎవరో దగ్గరికి జరిపేసినట్టు. మామూలుగా 2.9 నుంచి 5.7 దాకా ఎక్కాల్సిన కెపాసిటర్ 3.8కే వెనక్కి తిరుగుతోంది.

దూరం మూడో వంతుకు తగ్గితే వేగం మూడింతలు కావాలి కదా, రెండింతలే ఎందుకైంది అని ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. ఆన్‌లో సప్లై కూడా కుంగింది కాబట్టి కెపాసిటర్ నిండే జోరు కూడా తగ్గింది, అందుకే వెలిగే సమయం మరీ అంత కుంచించుకుపోలేదు. ఆరి ఉండే సమయం మాత్రం బాగా దెబ్బతింది. కెపాసిటర్ వోల్టేజీ కనిపించే రెండో పిన్ దగ్గర మీటర్ పెట్టి చూపించాను. అంకె 2.9 నుంచి మెల్లగా ఎక్కి, 3.8 దగ్గర ఆగి, దిగడం మొదలెట్టింది. అది చూశాక ఇక వేరే వివరణ అక్కర్లేకపోయింది.

రాత్రయ్యేకొద్దీ వేగం ఎందుకు పెరిగేదో కూడా ఇందులోనే ఉంది. బ్యాటరీ అరిగేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, కుంగుబాటు పెరుగుతుంది, రెండు గీతలూ ఇంకా దగ్గరవుతాయి.

పని చేయనివి

"సప్లై కుంగుతోంది కదా, పెద్ద కెపాసిటర్ అడ్డం పెడితే సరి" అని ఆవిడే అంది. సప్లైకి, గ్రౌండ్‌కు మధ్య కెపాసిటర్ పెట్టడం మంచి అలవాటే. మామూలు 555 మారే క్షణంలో సప్లై నుంచి ఒక చిన్న కుదుపు లాగుతుంది, దాన్ని అది భరిస్తుంది. కానీ ఇక్కడ కుంగుబాటు క్షణికం కాదు, అర సెకను ఉంటోంది. 100 మిల్లీఆంప్స్‌ను అర సెకను పాటు, అర వోల్టు మించి పడకుండా ఇవ్వాలంటే లక్ష మైక్రోఫారడ్లు కావాలి. ఈ లెక్క కాగితం మీద ఆవిడ చేతే వేయించాను. ఆ తర్వాత 100 మైక్రోఫారడ్లది పెట్టి చూస్తే అనుకున్నట్టే ఏమీ మారలేదు.

తర్వాత కొత్త ఆల్కలైన్ బ్యాటరీ పెట్టాం. మిణుకు చక్కగా సెకనుకు ఒకటికి దగ్గరగా వచ్చింది, లైట్లు ధగధగలాడాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను ఐసీ మీద వేలు పెట్టమన్నాను. పెట్టి వెంటనే తీసేసింది.

కొత్త బ్యాటరీ కుంగకపోవడంతో ఇరవై ఎల్‌ఈడీలూ కలిసి 280 మిల్లీఆంప్స్ పైనే లాగుతున్నాయి. 555 మూడో పిన్‌కు గరిష్ఠంగా 200 మిల్లీఆంప్సే రాసి ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ ఐసీని కాపాడింది నీరసపు బ్యాటరీయే. ఒక లోపం ఇంకో లోపాన్ని కప్పిపెట్టడం రిపేరు పనిలో మామూలే. అందుకే ఏదైనా బాగైందనిపించినప్పుడు వెంటనే వేడి చూడటం నాకు అలవాటు. అదీగాక చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఈ లెక్కన రెండు మూడు గంటలైనా సరిగ్గా నిలవదు.

మెయిన్స్ కరెంటు నుంచి ఒక కెపాసిటర్, కొన్ని డయోడ్లతో నేరుగా నడిపే సర్క్యూట్ బొమ్మ ఒకటి ఆవిడ ఎక్కడో చూసిందట, అది కట్టొచ్చా అంది. కుదరదని గట్టిగా చెప్పాను. అందులో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు ఉండదు. ఎల్‌ఈడీ కాళ్లతో సహా ప్రతి తీగా షాక్ కొట్టేదే. కిటికీ మీద, చేతికందే చోట వేలాడే లైట్లకు అది పనికిరాదు. దీని మీద ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

పని చేసింది

నిర్ణయం రెండు ముక్కలు. కుంగని సప్లై కావాలి. బల్బుల బరువు 555 మీద పడకూడదు.

సప్లైకి ఇంట్లో ఉన్న 5 వోల్టుల మొబైల్ ఛార్జర్ ఎంచుకున్నాం. ఆంప్ కరెంటు సులువుగా ఇస్తుంది, మెయిన్స్ నుంచి విడదీసి ఉంటుంది. అయితే పాత సర్క్యూట్‌ను యథాతథంగా దానికి తగిలిస్తే ఎరుపువి మసకగా వెలిగాయి, నీలం, తెలుపు దాదాపు చీకటి. మామూలు 555 మూడో పిన్ సప్లై దాకా ఎక్కదు, కరెంటు ఇచ్చేటప్పుడు సప్లై కంటే ఒకటిన్నర వోల్టుకు పైగా తక్కువలోనే ఆగిపోతుంది. 5లో అది పోతే మిగిలేది 3.3 చిల్లర. నీలం ఎల్‌ఈడీకే అది బొటాబొటి, ఇక రెసిస్టర్‌కు ఏం మిగులుతుంది?

కాబట్టి చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్ తప్పదు. ఆవిడ డబ్బాలో బీసీ547 ఉంది. దాని పరిమితి 100 మిల్లీఆంప్స్. ఇక్కడ నేను అడిగిన ప్రశ్న ఒకటే: "అసలు మీకు ఎంత వెలుతురు కావాలి?" చీకటి పడ్డాక కిటికీలో కనిపించడానికి ఇప్పటి ఎల్‌ఈడీలకు 5 మిల్లీఆంప్స్ చాలు. ఒకదానికి 15, ఒకదానికి 5 ఇచ్చి, లైటు ఆర్పి చూపించాను. 5దే కంటికి హాయిగా ఉందంది. ఎరుపుకు 560 ఓమ్‌లు, నీలానికి, తెలుపుకు 330 ఓమ్‌లు అని లెక్క తేలింది. ఇరవైకీ కలిపి 106 మిల్లీఆంప్స్.

ఇది బీసీ547 పరిమితిని అంచున దాటుతోంది. ఆరు మిల్లీఆంప్సే కదా అని సర్దుకుపోయే వాళ్లున్నారు. గంటల తరబడి మనుషులు చూడకుండా వెలిగే వస్తువు విషయంలో నేను సర్దుకోను. అందుకని బీసీ337 వేశాం, అది ఇంతకు చాలా రెట్లు మోస్తుంది. బేస్‌కు, అంటే ట్రాన్సిస్టర్‌ను నడిపే కాలుకు, 470 ఓమ్‌లు పెడితే సుమారు 6 మిల్లీఆంప్స్ అందుతాయి, ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోవడానికి ధారాళంగా సరిపోతుంది. ఎల్‌ఈడీలన్నీ రెసిస్టర్లతో సహా 5 వోల్టుల నుంచి కలెక్టర్ కాలుకు (బల్బుల కరెంటు లోపలికి వచ్చేది), ఎమిటర్ కాలు (బయటికి వెళ్లేది) గ్రౌండ్‌కు. వేరే నంబరు ట్రాన్సిస్టర్ వాడేవాళ్లు కాళ్ల వరస దాని వివరాల పత్రం, డేటాషీట్‌లో చూసుకోవాలి, అన్నిటికీ ఒకేలా ఉండదు.

వైరింగ్‌లో ఒక్క జాగ్రత్త చెప్పాను. ఛార్జర్ వైరు బోర్డులోకి వచ్చే చోటి నుంచే 555కు ఒక జత, బల్బులకు ఇంకో జత వేరుగా తీయాలి. బల్బుల పొడవాటి సన్నటి వైరు చివర నుంచి 555కు సప్లై తీస్తే, ఆ వైరు నిరోధమే మళ్లీ పాత బ్యాటరీలా ప్రవర్తిస్తుంది.

100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తోనే మళ్లీ కొలిచాం. ఒక్క ఎల్‌ఈడీతో ఎంతో, ఇరవైతోనూ అంతే: 10 సెకన్లు. ఐసీ దగ్గర సప్లై ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ 5కు అంటిపెట్టుకునే ఉంది. 10 మైక్రోఫారడ్లది తిరిగి పెట్టాక మిణుకు సెకనుకు ఒకటికి వచ్చింది. స్విచ్ వేసిన మొదటి మిణుకు మాత్రం కాస్త ఎక్కువసేపు ఉండటం చూసి ఆవిడ మళ్లీ టెన్షన్ పడింది. అది లోపం కాదు. మొదటిసారి కెపాసిటర్ సున్నా నుంచి ఎక్కుతుంది, ఆ తర్వాత మూడింట ఒక వంతు నుంచి.

ఈ కేసు నాకు మిగిల్చినవి

ఇప్పుడు 555 చెప్పేటప్పుడు వేగం ఫార్ములా పక్కనే సప్లై షరతు కూడా చెబుతున్నాను. బ్యాటరీని లోడు మీద ఉండగా, అంటే బల్బులు వెలుగుతుండగా, కొలవడం మొదటి వారంలోనే చేయిస్తున్నాను. కెపాసిటర్ పదింతలు పెంచి సర్క్యూట్‌ను నెమ్మదింపజేసి చూడటమన్నది మీటర్ ఒక్కటే ఉన్నవాళ్లకు నేనివ్వగల అన్నిటికంటే పనికొచ్చే సలహా. దాంతో సగం అనుమానాలు కంటితోనే తీరిపోతాయి. ఇక లక్షణాన్ని మాటల్లో సరిగ్గా చెప్పడం. "పని చేయట్లేదు" అని వచ్చి ఉంటే నేను ఎక్కడెక్కడో వెతికేవాణ్ణి. "బల్బులు పెంచేకొద్దీ పరుగెడుతోంది" అన్న ఆవిడ మాటలోనే లోడుకు, గడియారానికి మధ్య సంబంధం ఉందని తేలిపోయింది.

ఆ తర్వాత

ఛార్జర్ వైరు అందని చోట పెట్టడానికి ఆవిడ పవర్ బ్యాంకు వాడి చూసింది. కాసేపటికి దానంతట అదే ఆగిపోతోంది. చాలా పవర్ బ్యాంకులు కరెంటు మరీ తక్కువగా ఉంటే ఫోను తీసేశారనుకుని ఆఫ్ అయిపోతాయి. మన లైట్లు ఆరి ఉన్న అర సెకను 555 ఒక్కటే కొన్ని మిల్లీఆంప్స్ తాగుతుంది, సగటు చూసినా తక్కువే.

దానికి మందు వేరే కోరికలోంచి వచ్చింది. ఒక వరస వెలిగితే ఇంకో వరస ఆరేలా రెండో సెట్టు కావాలంది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచే రెండోదాని బేస్‌ను నడిపిస్తే, ఆ బేస్ కరెంటు మొదటి వరస ఎల్‌ఈడీల గుండానే రావాలి. అప్పుడు ఆరాల్సిన బల్బులు సన్నగా వెలుగుతూనే ఉంటాయి. అందుకని మూడో పిన్ నుంచి విడిగా ఒక చిన్న ట్రాన్సిస్టర్‌తో సిగ్నల్‌ను తిరగేసి, దానితో రెండో బీసీ337ను నడిపాం. డబ్బాలో మిగిలిన బీసీ547 ఆ పనికి వచ్చింది. ఇప్పుడు ఏ క్షణంలోనైనా ఒక వరస వెలుగుతూనే ఉంటుంది. సప్లై మీద బరువు ఎప్పుడూ 106 మిల్లీఆంప్స్ దాటే ఉంటుంది. ఆవిడ పవర్ బ్యాంకుకు ఆ మాత్రం చాలింది, ఇప్పుడు మధ్యలో ఆగడం లేదు.